సీటు మీద బొంత

టీకాలు వేయడం ఎట్లాగో నేను ఇక్కడ రాయడం లేదు. అది మీకు దవాఖానలో నేర్పిస్తారు. చెయ్యి వణకని వాడికి నాలుగు రోజుల్లో వస్తుంది. నేను రాసేది పిర్రల సంగతి. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి.

నారాయణఖేడ్ తాలూకాలో టీకాలు వేసేవాడిగా నా ఉద్యోగమంతా సైకిల్ మీదనే గడిచింది. సూది చేతిలో ఉండేది ఒక పూట. సీటు నా కింద ఉండేది దినమంతా. ఏ ఊరివాళ్లు పిల్లలను గడ్డివాములో దాస్తారో, ఏ ఊరి కుక్కలు సైకిల్‌ను చూస్తే వెంటబడతాయో నాకంటే ముందున్నవాళ్లు నాకు చెప్పారు. సీటు సంగతి మాత్రం ఒక్కడూ చెప్పలేదు. అది నోరు విప్పి చెప్పుకునే చోటు కాదని అందరి ఉద్దేశం. అట్లా చెప్పుకోలేకనే మాలో ఒకడు చచ్చిపోయాడు. అతని పేరు బసప్ప. అతని కోసమే ఇది రాస్తున్నాను. చదివి మీరు మారతారన్న ఆశ నాకు పెద్దగా లేదు. ఉద్యోగం మొత్తంలో నేను ఒక్కరినీ మార్చలేకపోయాను.

కొత్త సీటు

నేను చేరినప్పుడు మాలో కొందరు నడిచే తిరిగేవాళ్లు. తర్వాత సర్కారు సైకిళ్లు ఇచ్చింది. నల్లటివి, బరువైనవి. సీటేమో దళసరి తోలు. ఇనుప చట్రం మీద ముందు నుంచి వెనక్కి బిగలాగి కొట్టిన తోలు అది. మొదటిసారి ఎక్కి కల్హేర్ దాకా పోయి దిగితే రెండు కాళ్ల మీద సరిగ్గా నిలబడలేకపోయాను. రాత్రి బోర్లా పడుకున్నాను. మా ఇంటావిడ ఏమైందని అడిగితే నడుం పట్టిందని చెప్పాను.

మా దిక్కు తోలు గురించి అందరికీ తెలిసిన సంగతి ఒక్కటే. ఆముదం పట్టించాలి. బావి దగ్గర మోట తోలుకు ఆముదం, చెప్పులకు ఆముదం, ఎడ్ల పట్టెడలకు ఆముదం. ఇగ సీటుకు మాత్రం ఎందుకు వద్దు? నేనూ పట్టించాను. ఎండలో పెట్టి మళ్లీ పట్టించాను. తోలు మెత్తబడింది. కొన్నాళ్లు హాయిగా ఉంది. నాకంటే తెలివైనవాడు తాలూకాలో లేడని అనుకున్నాను. ఆ తర్వాత సీటు నడుమ కుంగిపోయి నులక వదులైన మంచంలా తయారైంది. పక్కలు బయటికి విచ్చుకొని తొడలను కోయడం మొదలుపెట్టాయి. గతుకు వచ్చినప్పుడల్లా కింది ఇనుము తగిలేది. మోట తోలు నీళ్లు మోస్తే చాలు, దానికి మెత్తదనం కావాలి. సీటు తోలు మనిషిని మోయాలి, దానికి బిగువు కావాలి. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి సీటు పాడైపోయింది.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏదైనా రాతి అరుగు మీద కూర్చొని చూడండి, కింద రెండు ఎముకలు తగులుతాయి. సైకిల్ మీద మనిషి బరువు ఆ రెండు ఎముకల మీదనే పడాలి. సీటు గట్టిగా ఉంటే అవి బరువు మోస్తాయి. మెత్తగా ఉంటే అవి లోపలికి దిగిపోతాయి, బరువంతా నడిమి కండ మీద పడుతుంది. ఆ కండకు మోసే శక్తి లేదు. ఒరుసుకుంటుంది, కమిలిపోతుంది, చెమటకు పగులుతుంది. మెత్తగా ఉంటే సుఖమన్న మాట పడక వరకే నిజం. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అందరూ తలూపేవాళ్లు, ఇంటికిపోయి సీటు మీద గొంగడి మడతపెట్టి కట్టుకునేవాళ్లు.

నిక్కరు కుట్టు

సీటు తర్వాత చూసుకోవలసింది నిక్కరు. సర్కారు ఇచ్చే ఖాకీ నిక్కరుకు నాలుగు కుట్లు వచ్చి సరిగ్గా కూర్చునే చోటనే కలుస్తాయి. ఆ ముడి మీద పొద్దంతా కూర్చోవాలి. ధోవతి కట్టుకుంటే ఇంకా కష్టం, మడతలన్నీ కిందికే చేరతాయి.

బజారులో ఖాసిం అని ఒక దర్జీ ఉండేవాడు. గుర్రపు సవారీ చేసేవాళ్లకు లాగులు కుట్టిన చెయ్యి. అతను నా నిక్కరు విప్పి, ఆ కుట్ల ముడి తీసేసి, అక్కడ ఒకే ముక్క బట్ట వేశాడు. లోపలి వైపు పలుచటి మేకతోలు, బాగా నలిపి మెత్తచేసింది, అతుకు లేకుండా వేశాడు. నేను దాన్ని ఉతికి ఎండలో ఆరేశాను. ఎండకు అది అప్పడంలా బిగుసుకుంది. అదే తొడుక్కొని బోరంచకు పోతే అడుగడుగునా చప్పుడు. నేను కాళ్లు ఎడంచేసుకొని నడుస్తుంటే ఒక ముసలవ్వ నన్ను ఆపింది.

"ఏంది బిడ్డా, పిల్లలకు సూదులు పొడిచెటోనివి, నిన్నే ఎవరన్న పొడిచిన్రా?"

ఊరంతా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆ పూట పిల్లలను నా దగ్గరికి పంపించారు. తోలు మెత్తబడాలని వెన్న రాస్తే, చెట్టు కింద కునుకు తీసినప్పుడు చీమలు పట్టాయి. చివరికి దాన్ని నీడకు ఆరేయాలని, ఆరుతున్నప్పుడే చేత్తో నలుపుతూ ఉండాలని తెలిసింది. అప్పటి నుంచి ఆ నిక్కరు ఉన్నంతకాలం నాకు పుండు కాలేదు. నా ఉద్యోగం నిలిచింది ఆ మేకతోలు ముక్క వల్లనే.

ఇన్‌స్పెక్టర్ సాబ్

మా మీద ఒక ఇన్‌స్పెక్టర్ సాబ్ ఉండేవాడు. పాతకాలంలో గుర్రం మీద తిరిగినవాడు. మాకు సైకిళ్లు వచ్చాక ఆయన టాంగా ఎక్కాడు. చెడ్డవాడని అనలేను. లంచం ముట్టలేదు, కల్లు ముట్టలేదు, పని ఎగ్గొట్టలేదు. ఆయనకు ఉన్న జబ్బు ఒక్కటే. తాను పడ్డ కష్టం అందరూ పడాలని ఆయన నమ్మకం.

"నేను గుర్రం మీద దేశం తిరిగిన. నాకు పిర్రలు లేవా? ఎద్దు మెడకు కాయ కాయదా? మీకు గట్లనే కాస్తది. కాసినంక దర్దు ఉండది" అనేవాడు.

కాయ కాయడం నిజమే. కాయ కాసేది గట్టి సీటు మీద, ఎముకల కింద. పుండు మీద కాయ కాయదు. ఈ రెండింటికీ తేడా ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆయనకు కోపం వస్తే టాంగావాడికి కూడా చెమట పట్టేది. అందుకని మావాళ్లు ఆయన ముందర సీటు మాట ఎత్తేవాళ్లే కాదు.

బసప్ప

బసప్ప నా దగ్గర పని నేర్చుకున్నాడు. వాళ్లది మెడలో లింగం కట్టుకునే ఇల్లు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి సంగవ్వ బజారులో బెల్లం, చింతపండు అమ్మి పెంచింది. ఆ ఇంట్లో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషి బసప్ప. అతను సైకిల్ ఎక్కి బజారు మీదుగా పోతుంటే సంగవ్వ దుకాణం ముందు నిలబడి, కొనడానికి వచ్చినవాళ్లను కూడా ఆపి చూపించేది. చెయ్యి మంచిది అతనికి. పిల్ల ఏడ్చేలోపు టీకా అయిపోయేది.

చిక్కు తోలుతో వచ్చింది. వాళ్ల ఇంట్లో తోలు గడప దాటదు. చెప్పులు వీధిలోనే విడవాలి. కొడుకు దినమంతా తోలు మీద కూర్చొని వచ్చి లింగపూజ చేస్తాడంటే సంగవ్వకు మనసొప్పలేదు. పాత చీరలు మడతపెట్టి బొంత కుట్టి, నాలుగు వైపులా నాడాలు పెట్టి సీటుకు కట్టింది. తోలు తగలదు, పైగా మెత్తగా ఉంటుందని ఆమె సంతోషం.

నేను చూసి వద్దన్నాను. నా నిక్కరు సంగతి చెప్పి ఖాసిం దగ్గరికి రమ్మన్నాను.

"లింగం కట్టుకున్న ఒంటికి తోలు తొడుగాల్నా అన్నా?" అన్నాడు బసప్ప. "అమ్మ ఇంట్ల అడుగువెట్టనియ్యది."

"తోలు వద్దులేరా. పాత ధోవతి ముక్క పలుచగ వేపిద్దాం. గా బొంత మాత్రం ఇప్పు."

"అమ్మ కుట్టింది అన్నా. ఇప్పితె మొకం చిన్నగ చేసుకుంటది. పొద్దుమూకి వచ్చినంక నాడాలు చూస్తది, ఎట్ల కట్టింది అట్ల ఉన్నయా లేవా అని."

ధోవతి ముక్క వేసిన నిక్కరు కుట్టించుకున్నాడు. బొంత మాత్రం విప్పలేదు. పలుచటి బట్ట వేసిన మంచి నిక్కరు తొడుక్కొని, కింద బొంత పెట్టుకుంటే ఏం లాభం? బొంత జరుగుతుంది, ముడత పడుతుంది. ఆ దారపు కుట్లు ఒక్కొక్కటి ఒరుస్తాయి. చెమట పీల్చుకొని తడిగానే ఉంటుంది. ఎండాకాలం మొదలయ్యేసరికి బసప్ప దిగినప్పుడల్లా ఒక క్షణం హ్యాండిల్ పట్టుకొని ఆగడం గమనించాను.

అడిగితే ఏం లేదన్నాడు. గట్టిగా అడిగితే ఒరుసుకుందన్నాడు. సంగవ్వ నిక్కరు ఉతికేటప్పుడు మరక చూసింది. చూసి ఏం చేసింది? సీటు గట్టిగా ఉందని అనుకొని బొంతకు ఇంకో పొర కుట్టింది. పుండు పెద్దదైంది. ఇంకో పొర కుట్టింది. సీటు ఎత్తు పెరిగి, కాళ్లు అందక, తొక్కినప్పుడల్లా నడుం అటూ ఇటూ ఊగుతూ అదే చోట రాపిడి పడేది. అన్నం పెట్టే చెయ్యి ఆమెది. ఆ చేత్తోనే పొర మీద పొర వేసుకుంటూ పోయింది. దుకాణం కట్టేసి దీపం పెట్టుకొని కుట్టేదట. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

దవాఖానలో చూపించుకొమ్మని అన్నాను. డాక్టరు చూసి కోయాలంటే అందరికీ తెలుస్తుందని అతని భయం. పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆ చోట పుండన్న మాట బయటికి పోతే ఇంకేదో రోగం అనుకుంటారని అతని పరేషాన్.

దవాఖాన ముందర

ఆ ఎండాకాలం కల్హేర్ దిక్కు ఊళ్లలో అమ్మవారు పోసింది. జాతర కూడా దగ్గరికి వచ్చింది. జనం ఒకచోట చేరితే రోగం పాకుతుంది, జాతరలోపే టీకాలన్నీ వేయాలని పైనుంచి తాకీదు. ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి మమ్మల్ని దవాఖాన ముందర నిలబెట్టి ఊళ్లు పంచాడు. బసప్పకు కల్హేర్ అవతలి ఊళ్లు పడ్డాయి, దూరమైనవి.

అతని మొహం చూశాను. జ్వరం ఉన్నట్టు ఎర్రగా ఉంది. నేను ఉండబట్టలేక ముందుకు పోయి చెప్పాను.

"సాబ్, బసప్పకు సీటు పుండయింది. వాని ఊళ్లు నేను జేస్త. వారం రోజులు వాన్ని సైకిల్ ఎక్కనియ్యకున్రి."

"నీ ఊళ్లు ఎవరు జేస్తరు? నేనా?"

"సాబ్, మెడ పుండయిన ఎద్దును రైతు గూడ కాడికి కట్టడు."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆయన మొహంలో. లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"ఎద్దును కొనాలె. మనిషి దొరుకుతడు."

అని, బసప్పను పిలిచాడు. దవాఖాన మెట్ల మీద పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్లు వరుసగా కూర్చొని ఉన్నారు. వాళ్లందరికీ వినిపించేటట్టు అడిగాడు.

"ఏడరా పుండు? ఏడనో చెప్పు. చూపెట్టు, చుట్టీ ఇస్త."

బసప్ప ఆడవాళ్ల వైపు చూశాడు. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. బసప్ప చొక్కా కిందికి గుంజుకున్నాడు.

"ఏం లేదు సాబ్. పోత."

"నీకు లేని దర్దు నీ దోస్తుకు ఎందుకట?" అని ఇన్‌స్పెక్టర్ సాబ్ నన్ను చూసి నవ్వాడు.

బయట బసప్ప భుజం పట్టుకొని ఆపాను. నడిచిపో అన్నాను, బండి కట్టించుకొని పో అన్నాను. వినలేదు. "ఇజ్జత్ తీసినవు అన్నా" అన్నాడు. ఇదే అతను నాతో మాట్లాడిన ఆఖరి మాట. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఆ మెట్ల మీద నేనున్నా అదే మాట చెప్పేవాణ్నేమో.

కల్హేర్ దారి

ఇంటికి పోయి మందు పెట్టె కట్టుకొని బయలుదేరాడు. ఆ పొద్దున సంగవ్వ బొంతకు కొత్త పొర వేసి ఉంది. మెత్తటి చీర, ఆమె దాచుకున్న పట్టుచీర అని తర్వాత తెలిసింది. ఊరి చివర వాళ్ల ఇల్లు. గడపలో నిలబడి కొడుకు కల్హేర్ దారి మలుపు తిరిగేదాకా చూసిందట.

అతను ఊళ్లు చేశాడు. ఒక్క ఊరు కూడా విడిచిపెట్టలేదు. చివరి ఊరిలో పిల్లలకు టీకాలు వేస్తూ వేస్తూ చలి పుట్టి వణికిపోయాడట. ఊరివాళ్లు అమ్మవారు అతనికే పోసిందని భయపడి దూరం జరిగారు. టీకాలాయనకే అమ్మవారు పోస్తే ఇక టీకా ఎందుకని పిల్లలను లాక్కొని పోయారు. ఎవరో ఒక రైతు దయతలచి ఎడ్లబండిలో బోర్లా పడుకోబెట్టి తీసుకువచ్చాడు. సైకిల్ కూడా బండిలోనే వేశాడు, బొంత కట్టినట్టే ఉంది.

దవాఖానలో డాక్టరు కోసి చీము తీశాడు. గజ్జలు వాచి ఉన్నాయి, విషం నెత్తురులో కలిసిందన్నాడు. దానికి తన దగ్గర మందు లేదని ఉన్నమాట చెప్పాడు. నేను పక్కన కూర్చున్నాను. బసప్పకు తెలివి లేదు. చేతులు మాత్రం హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించి ఉన్నాయి. సంగవ్వ ఆ పిడికిళ్లు విప్పి తన చేతిలో పెట్టుకునేది, అతను మళ్లీ బిగించేవాడు. జాతర డప్పులు వినిపిస్తుండగా ప్రాణం పోయింది.

వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టి సమాధి చేయాలి. కూర్చోబెట్టేటప్పుడు సంగవ్వ ఒక్కసారిగా అడ్డం వచ్చింది.

"ఆడ పుండు ఉంది నా మగనికి. మెల్లగ కూసోవెట్టున్రి" అంది. కొడుకును వాళ్ల భాషలో మగ అంటారు.

ఆమె ఇంట్లోకి పోయి ఆ బొంత తెచ్చి కింద పరిచింది. దాని మీదనే కూర్చోబెట్టారు. నేను చాలా చావులు చూశాను. అమ్మవారు పోసిన ఇళ్లల్లోకి పోవడమే నా ఉద్యోగం. ఏ చావు దగ్గరా నేను వెనక్కి తిరిగి నడిచిపోలేదు. ఆ రోజు నడిచిపోయాను.

ఇన్‌స్పెక్టర్ సాబ్ మళ్లీ వచ్చేసరికి బసప్ప చోట కొత్తవాడు ఉన్నాడు. మనిషి దొరికాడు.

ఇప్పుడు వచ్చేవాళ్లకు

దినాలు అయ్యాక సంగవ్వ నన్ను పిలిపించింది. దుకాణం తెరవలేదు. ముందర పాత చీరల కుప్ప, సూది, దారం. నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"అప్పా, నువ్వు తెలిసినోనివి, నిజం చెప్పు. ఇంకో పొర ఏసుంటె బతుకుతుండెనా నా కొడుకు? చీరలు ఉండె నాతాన. ఎత్తు అయితదని ఎయ్యలే. తప్పు నాదేనా?"

ఆమెకు నేనేం చెప్పాలి? బొంతనే చంపిందని చెప్పాలా? పొరలు తక్కువై కాదు, ఎక్కువై పోయాడని చెప్పాలా? "నీ తప్పేం లేదు అవ్వా" అన్నాను. "మరి గట్లయితే పొర తక్కువైంది" అని తనకు తానే ఖాయం చేసుకుంది. ఇప్పటికీ ఆమె మనసులో ఉన్నది అదే.

అప్పటి నుంచి ఆమె బొంతలు కుడుతోంది. టీకాలవాళ్లలో కొత్తగా ఎవరు చేరినా వాకబు చేసుకొని, పిలిచి, ఒకటి ఇస్తుంది. మొదటివాటికంటే దళసరివి. పైసా తీసుకోదు. తన చేత్తోనే సీటుకు కట్టి, నాడాలు లాగి చూసి పంపుతుంది. ఒకరిద్దరికి పుళ్లు కూడా అయ్యాయి. లడాయి రోజుల్లో, యుద్ధం వల్ల కొత్త సీట్లు రావడం బంద్ అయ్యాక, కుంగిన పాత సీట్ల మీద ఆ బొంతలు కట్టుకొని తిరిగారు మావాళ్లు. వద్దని ఆమెకు చెప్పే ధైర్యం ఖాసింకు లేదు, డాక్టరుకు లేదు, నాకు లేదు. ఆ మాట చెప్పడమంటే ఆమె కొడుకును ఆమె చేత్తోనే రెండోసారి చంపించడం.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఇన్‌స్పెక్టర్లు మారరు. తెల్లబట్టల డాక్టర్ల ముందర ఆ చోటు పేరు చెప్పడానికి మీరూ సిగ్గుపడతారు, నాకు తెలుసు. కనీసం ఈ ఒక్కటి చేయండి. సంగవ్వ బొంత ఇస్తే రెండు చేతులా తీసుకోండి. కట్టనివ్వండి. ఎక్కి, ఆమె చూస్తుండగా తొక్కుకుంటూ పోండి. కల్హేర్ దారి మలుపు తిరిగాక దిగి, విప్పి, సంచిలో పెట్టుకోండి. ఆ నాడాలు ఎట్లా కట్టి ఉన్నాయో విప్పేముందు బాగా చూసుకోండి. సాయంత్రం ఊళ్లోకి వచ్చేముందు, అదే మలుపు దగ్గర దిగి మళ్లీ అట్లాగే కట్టుకోండి. ఈ ఉపాయం బసప్ప ఉన్నప్పుడు నాకు తట్టలేదు.

మరిచిపోవద్దు. పొద్దుగూకే వేళకు ఆమె గడపలో కూర్చొని ఉంటుంది. సైకిల్ కనబడగానే లేచి వచ్చి, ముందు మీ మొహం కాదు, నాడాలు చూస్తుంది.